చూడకూడని మనిషి

"ఫోను ఆయన చేతిలో లేదు గదా?" పొద్దున్నుంచి రామలక్ష్మమ్మ ఈ మాట అడగడం ఇది మూడోసారి.

"లేదక్కా. బీరువాలో పెట్టి తాళమేసినా. బావ తిని పండుకున్నాడు" అన్నాడు ఓబుళేశు. ఆమె తమ్ముడు. మంగంపేట ముగ్గురాయి గనిలో పనిచేస్తాడు.

"లేస్తే?"

"లేస్తే తోటకాడికి పిలుచుకపోతా. నువ్వు నిమ్మళంగా ఆట చూడు."

ఆమె ఫోను పెట్టేసి టీవీ ముందు కూర్చుంది. కల్లూరులోని ఆ ఇంటి ముందుగదిలో ఉన్నది ముగ్గురే. ఆమె, చిన్నకూతురు సాహితి, వాళ్ల బండల పాలిషింగు యంత్రం నడిపే గాబ్రియేలు. సాహితి తన ఫోనులో వస్తున్న ప్రసారాన్ని టీవీకి కలిపింది. బెంగళూరులో పన్నెండు దేశాల ఆటల పోటీలు జరుగుతున్నాయి. మహిళల జట్ల బౌలింగులో కంచు పతకం కోసం మన జట్టు, మలేషియా జట్టు తలపడుతున్నాయి. మన జట్టు నలుగురిలో అందరికంటే చివర బంతి వేసేది పెద్దకూతురు నాగజ్యోతి.

ఈ బౌలింగు క్రికెట్‌లోది కాదు. నున్నటి చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి, అరవై అడుగుల అవతల నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టాలి. ఈ సంగతి వీధిలో అందరికీ చెప్పీ చెప్పీ సాహితికి నోరు నొప్పి పుట్టింది.

నాగజ్యోతికి మొదటి బాట వేసిచ్చింది తండ్రి తిమ్మయ్యే. టీవీలో ఆ ఆట చూసి కూతురు ముచ్చటపడితే, పాలిషింగు షెడ్డు వెనకాల అరవై అడుగుల పొడవున కడప బండలు పరిపించి, ముఖం కనపడేదాకా నునుపు పట్టించాడు. పిన్నులకు బదులు ఇసుక నింపిన నీళ్ల సీసాలు. ఎనిమిదేళ్ల పాటు, పడిన సీసాలను వంగి నిలబెట్టింది ఆయనే. అలాంటి మనిషి కూతురి పోటీ చూడకూడదని ఇంట్లో తీర్మానమైపోయింది.

కారణం లేకపోలేదు. విజయవాడలో రాష్ట్ర పోటీల రోజు ఆయన వచ్చి కూర్చోగానే నాగజ్యోతి బంతి బాట పక్కనుండే కాలువలోకి పోయింది. చెన్నై పోటీని ఇంట్లోనే ఉండి ఫోనులో చూశాడు. ఆ పూటే ఆమె బొటనవేలు బెణికింది. అంతకుముందే, తిమ్మయ్య టీవీ ముందుకొస్తే మనవాళ్ల వికెట్ పడుతుందని వీధిలో పేరుండేది. తన చూపు మంచిది కాదని చివరికి ఆయన కూడా నమ్మేశాడు.

అందుకే ఈసారి బెంగళూరుకు ఎవ్వరమూ పోవద్దని రామలక్ష్మమ్మ తేల్చేసింది. తాము బయలుదేరితే ఆయన ఇంట్లో ఆగడు. మొన్న తెల్లవారుజామున తానే వెళ్లి ఆయన్ని కడప బస్సు ఎక్కించి, తమ్ముడి దగ్గరికి పంపింది. ఆయన బుద్ధిగా సంచి పట్టుకుని ఎక్కాడు.

"నాయన ఏం తప్పు చేసినాడని ఆడికి తోలినావుమా?" అంది సాహితి.

"పతకం రానీ, నేనే పోయి పిలుచుకొస్తా. నోరు మూసుకోని చూడు."

ఆట చివరిదాకా నువ్వా నేనా అన్నట్టే సాగింది. నాగజ్యోతి బంతి బాట అంచున పోయి చివర్లో లోపలికి తిరిగినప్పుడల్లా, అది మన బండల మీద నేర్చిన తిప్పుడేనని గాబ్రియేలు గుర్తు చేస్తున్నాడు. ఆఖరి వంతు వచ్చింది. ఆమె వేసిన బంతికి ఎనిమిది పిన్నులు పడ్డాయి. మిగిలిన రెండూ చెరో పక్కన, దూరదూరంగా నిలబడిపోయాయి.

"ఇంకో బంతి ఉండాది. రెండూ పడితే పతకం మనది. ఒక్కటే పడితే వాళ్లది" అంది సాహితి.

రామలక్ష్మమ్మ చెయ్యి ఫోను మీదికి పోయింది.

"ఓబుళేశూ, ఆయన లేసినాడా?"

"లేదక్కా. గుర్రు పెడతాండాడు."

"పోయి చూసి చెప్పు."

కాసేపటికి "చూసినా. అట్లనే ఉండాడు" అన్నాడు ఓబుళేశు.

టీవీలో నాగజ్యోతి బంతిని తుడిచి చేతిలోకి తీసుకుంది. వేసే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, జనం కూర్చున్న వైపు చూసి తల ఊపింది.

"ఎవురికి తల ఊపుతాంది?" అని రామలక్ష్మమ్మ అడిగితే, కోచ్‌కు అయ్యుంటుందన్నాడు గాబ్రియేలు.

బంతి అంచు పట్టుకుని పోయి, ఎడమ పిన్ను పక్కను తాకింది. ఆ పిన్ను అడ్డంగా ఎగిరి కుడి పక్క దాన్ని కొట్టింది. అది ఊగింది. నిలబడేలాగే ఉంది. తర్వాత నిదానంగా పక్కకు ఒరిగింది.

రామలక్ష్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గాబ్రియేలు మిఠాయిల కోసం లేచి పోయాడు. పక్కింటివాళ్లు ఒక్కొక్కరే లోపలికి వస్తుండగా నాగజ్యోతి ఫోను చేసింది.

"చూసినావామా?"

"చూసినా తల్లీ. కడుపు నిండిపాయ. అంతా మీ నాయన పుణ్యం. బండలు పరిచిచ్చిన మనిషిని చూడొద్దంటిని. నా మాట తీసెయ్యకుండా మంగంపేటలోనే ఉండిపాయ. నాకు శానా బాధైతాంది గానీ, ఫలితం చూడు. ఇంకమీద ప్రతి పోటీకి ఆయన్ను ఆడికే తోలుతా."

"అట్లనే తోలుమా" అంది నాగజ్యోతి. ఆమె నవ్వుతున్నట్టు వినిపించింది. "నాయన్ను శానా బాగా చూసుకున్నావని మామకు చెప్పు."

"చెప్తాలే. ఈ కబురు ముందు మీ నాయనకు నా నోటితోనే చెప్పాల. ఆయన్ను లేపమని ఓబుళేశుకు ఫోను చేస్తా, పెట్టెయ్."

"వద్దుమా, నాయన నా పక్కనే ఉండాడు."