కాచి చల్లార్చిన నీళ్ళు

“మళ్ళీ కాస్తున్నావా?” అంది అత్తగారు పొయ్యి మీది గిన్నె చూసి. “ఆ నీళ్ళకే నోరుంటే, ఇక చాలు తల్లీ అని నీ కాళ్ళు పట్టుకునేవి.”

కోడలు మంట తగ్గించలేదు. గిన్నెలో బుడగలు తన్నుకొస్తున్నాయి. వచ్చాక కూడా ఇంకాసేపు మరగనివ్వాలి. చల్లార్చి, పలచటి గుడ్డ మడతలు పెట్టి వడకట్టాలి. స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, పాప చెయ్యి అందని గట్టు మీద పెట్టాలి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయినా ఈ ఒక్క పాఠం మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. ఆసుపత్రి బల్ల మీద పాపని పడుకోబెట్టిన రోజున వచ్చింది.

ఉన్నదే గుప్పెడు పిల్ల. వాంతులు, విరేచనాలు పట్టుకుని వడిలిన ఆకులా వేలాడిపోయింది. నీళ్ళేనమ్మా కారణం, అన్నాడు డాక్టరు తలెత్తకుండానే.

ఆ వీధిలో కుళాయి తిప్పితే ముందు గాలి బుసకొడుతుంది. తర్వాత కాసేపు పచ్చగా వస్తాయి. తెల్లబడ్డాక కూడా గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుక్కాలవ పలకరిస్తుంది. మంచినీళ్ళ గొట్టం, మురుగు గొట్టం ఒకే గోతిలో పక్కపక్కన తుప్పు పడుతున్నాయని వీధిలో తెలియనివాళ్ళు లేరు.

అందుకే ఆమె ఎవరికీ కుళాయి నీళ్ళు ఇచ్చేది కాదు. గ్యాసు బండ మోసుకొచ్చినవాడు అడిగినా, కరెంటు మీటరు చూసేవాడు అడిగినా పాప డబ్బా వంచాల్సిందే. వీధివాళ్ళు ఆమెకు ‘వేణ్ణీళ్ళమ్మ’ అని పేరు పెట్టేశారు. పొరుగూరి నుంచి సామాన్లు అమ్ముకోడానికి వచ్చే ఆవిడైతే దాహం లేకపోయినా ఆ గుమ్మం ముందు ఆగేది. ఇంకొకాయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అవతల ఎవరితోనో పోట్లాడుతూనే తన నీలిమూత సీసా చాపాడు. ఎండకు మొహం కందగడ్డలా ఉంది పాపం. మెడదాకా నింపి ఇచ్చింది. తలూపి వెళ్ళిపోయాడు.

“ఎవరో ఏమిటో అడగనైనా అడగవు,” అంది అత్తగారు. “దారినపోయే ప్రతివాడికీ నా మనవరాలి నీళ్ళే.”

“దాహానికి పేరెందుకు అత్తయ్యా? వాళ్ళూ ఒక తల్లి కన్నవాళ్ళేగా.”

ఆమె ఎదురుచూసే మనుషులు వేరే ఉన్నారు. గొట్టం మార్చమని నీళ్ళ ఆఫీసుకి కాళ్ళరిగేలా తిరిగితే, ముందు పరీక్ష చెయ్యాలి, మా వాళ్ళు వచ్చి మీ ఇంట్లోనే నీళ్ళు పట్టుకెళ్తారు, అన్నారు. జీపు వస్తుందనుకుంది. చేతులకి తొడుగులు వేసుకుని, కుళాయి దగ్గర కూర్చుని, తనని నాలుగు ప్రశ్నలు అడుగుతారనుకుంది. ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంది కూడా. జీపు రాలేదు. ఫోనులో సందేశం వచ్చింది, వీధి మొత్తానికీ. మీ నీళ్ళు పరీక్షించాం, తాగడానికి పూర్తిగా పనికొస్తాయి, గొట్టం మార్చే అవసరం లేదు.

ఎదురింటి అక్క ఆ సందేశం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. రోజంతా మిషను మీద బట్టలు కుట్టే మనిషి. వంటకే గ్యాసు చాలని ఇంట్లో, ఈమె నస పడలేక తన బాబుకి నీళ్ళు కాచి తాగిస్తోంది.

“ఇంక నన్ను వదిలెయ్యి చెల్లీ. సర్కారే బాగున్నాయంటే, నీ ముక్కు సర్కారు కంటే గొప్పదా?”

“ఎవరూ రాలేదక్కా. ఒట్టిమాట అది. నా మాట విను.”

“నీకు భయం జబ్బే పట్టుకుంది,” అని అక్క ఆమె చెంప నిమిరి వెళ్ళింది.

ఆ వారం తిరక్కుండానే బాబుని ఆసుపత్రిలో వేశారు. ఈమె వెళ్ళేసరికి అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బాబు చేతికి సెలైను గొట్టం. పెదాలు తెల్లగా పిండి రాసినట్టున్నాయి. అక్క ఈమె వైపు ఒకసారి చూసి, బాబు దుప్పటి సర్దింది. తిట్టినా బాగుండేది.

అక్కడినుంచి ఇంటికి పోలేదు. తిన్నగా నీళ్ళ ఆఫీసుకి పోయింది. జన్మలో ఎవరిమీదా గొంతెత్తని మనిషి, ఆ రోజు బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది. మా వీధికి రాకుండా, మా కుళాయి తిప్పకుండా బాగున్నాయని ఎలా రాశారని అడిగింది. ఆ అబద్ధం నమ్మి ఒక పసివాడు చావుబతుకుల్లో ఉన్నాడంది. నాలుగు బల్లలవాళ్ళూ పని ఆపి చూశారు.

“వచ్చామమ్మా,” అన్నాడు పెద్దాయన విసుగ్గా. “ఫిర్యాదు చేసిన ఇల్లు మీదేగా? మీ ఇంట్లో పట్టిన నీళ్ళే అవి.”

“నా బిడ్డ మీద ఒట్టు. ఎవరూ రాలేదు. వచ్చినవాణ్ణి పిలవండి, నా ముందు చెప్పమనండి.”

పెద్దాయన గంట కొట్టాడు.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పక్కగదిలోంచి వచ్చిన మనిషి, చేతిలోని నీలిమూత సీసా బల్ల మీద పెట్టి, ఆమెను గుర్తుపట్టి నవ్వాడు: “నాకు కుళాయిదాకా వెళ్ళే పని కూడా పెట్టలేదండీ, పాపం ఈవిడే తన చేత్తో నింపిచ్చింది.”