కాగితపు మంచు

తెర మీద ప్రపంచం గడ్డకట్టుకుపోతోంది. డార్సీకి మాత్రం చెమటలు పడుతున్నాయి.

కెనడాలో, ఆల్బెర్టాలోని ఆ చిన్న ఊరు ఊరంతా మంచుగడ్డ మీద ఆడే కర్లింగ్ ఆట క్లబ్బు హాల్లో టీవీ ముందు చేరింది. బయట మైనస్ ముప్ఫై. అయినా ఎవరూ ఇంట్లో ఆగలేదు. స్టెఫానియా కొడుకు ఈ సినిమాలో మంచి వేషం వేశాడట మరి. స్కూలు బస్సు నడిపే స్టెఫానియా నెల్లాళ్లుగా కనబడినవాళ్లందరికీ అదే చెప్పింది.

ఆ మాట పచ్చి అబద్ధం. డార్సీ వేషం అడిగాడు, వాళ్లు ఇవ్వలేదు. ఫోన్లో అమ్మ గొంతు వినగానే ఇచ్చారని నోరు జారాడు. అతనికి దొరికింది మండుటెండలో వాంకూవర్ వీధుల్లో కాగితపు మంచు చల్లే పని. మంచుతుఫాను వచ్చి తను ఊరికొచ్చే బస్సు ఆగిపోతే బాగుండునని ఇవాళ దారంతా మొక్కుకున్నాడు. ఆకాశం అద్దంలా ఉంది. బస్సు దిగగానే పక్కింటి లోర్న్ చెయ్యి పట్టుకుని నేరుగా ఇక్కడికే లాక్కొచ్చాడు.

సినిమా మొదలయ్యాక బంగాళాదుంప కూరిన పెరోగీల గిన్నెతో వచ్చింది స్టెఫానియా. కొడుకు పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. మళ్లీ వదల్లేదు.

“ఇదేం మంచయ్యా, చింపిన కాగితంలా ఉంది,” అన్నాడు లోర్న్. “మైనస్ అరవైలో హీరోకి టోపీ కూడా లేదు. మన బడిపిల్లలకున్న బుద్ధి లేదు వీడికి.”

అందరూ నవ్వారు. డార్సీ తల దించుకున్నాడు. ఆ సినిమాలో తనదంటూ ఉన్నది ఆ మంచొక్కటే.

“ఇంతకీ నువ్వెప్పుడొస్తావురా?” పెరోగీ నములుతూ అడిగింది లోర్న్ భార్య.

“ఇంకాసేపట్లో.”

లండన్ గడ్డకట్టింది. టోక్యో గడ్డకట్టింది. తెర మీదికి ఎవరెవరో వచ్చారు, పోయారు. నవ్వులు తగ్గి గుసగుసలు మొదలయ్యాయి. తన పరువు పోతే పోయింది, రేపట్నుంచి అమ్మ ఈ ఊళ్లో తలెత్తుకుని బస్సెలా నడుపుతుంది? డార్సీ సిగ్గుతో చితికిపోయాడు.

చివర్లో మొహానికి మఫ్లరు చుట్టుకుని నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న మనిషొకడు మంచులోంచి ఒక పాపను ఎత్తుకుని నడిచొచ్చాడు.

స్టెఫానియా లేచి నిలబడింది. “అదుగో మావాడు. ఆ నడక నాకు తెలీదా? అచ్చం వాళ్ల నాన్నదే.”

హాలంతా చప్పట్లు మోగాయి.

“మొహం మూసేశారేమిటయ్యా దరిద్రులు,” అంటూ లోర్న్ డార్సీ వీపు చరిచాడు. “అయినా ఒళ్లంతా కప్పుకున్నవాడివి నువ్వొక్కడివే. మన ఊరి బుద్ధి ఎక్కడికి పోతుంది?”

గండం గడిచింది. కానీ డార్సీకి సిగ్గు రెట్టింపయింది. తన అబద్ధాన్ని నమ్మి కన్నతల్లి ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి చూసి మురిసిపోయింది.

కారు వేడెక్కేదాకా తల్లీకొడుకులు ముందు సీట్లలో ముడుచుకుని కూర్చున్నారు. అతను ఇక దాచలేకపోయాడు.

“అమ్మా, వాడు నేను కాదు. నేనసలు ఆ సినిమాలోనే లేను.”

“తెలుసురా నాన్నా,” అంది స్టెఫానియా. “టొరంటో ఛానెల్లో ఇదే సినిమా మనకంటే రెండు గంటల ముందే వేస్తారుగా, ఆగలేక ఇంట్లో మొత్తం చూసేసి, మొహం కనబడనివాడు ఎక్కడున్నాడో వెతికిపెట్టుకునే వచ్చాను.”