దిద్దుబాటు గది

తెనాలిలో ఇప్పుడు ప్రతి ఫ్లాటులోనూ ఒక దిద్దుబాటు గది ఉంటోంది. పరీక్ష రాసిన పిల్లలు తలకు పట్టీ పెట్టుకుని అందులో కూర్చుంటే, గోడే వాళ్లతో తప్పులు దిద్దిస్తుంది. సరైన జవాబును మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని పట్టీ చెప్పేదాకా తలుపు తెరుచుకోదు.

ఐరోపా చరిత్రలో చివరి ప్రశ్న దగ్గర ఋత్విక పొద్దుటి నుంచి ఇరుక్కుపోయింది. తల్లి నాగమల్లి పెసరట్ల పిండి పక్కన పెట్టి, తలుపుకు చెవి ఆనించింది.

"జ్ఞానోదయ యుగం నేర్పింది ఇదే: ఎవరు చెప్పినా పరీక్షించకుండా నమ్మకూడదు. ఒప్పుకుంటావా?" అంటోంది గోడ.

"ఒప్పుకుంటాను."

"ఎందుకు?"

"నువ్వు చెప్పావు కాబట్టి."

"తప్పు."

"పోనీ, నువ్వు చెప్పింది నిజమో కాదో నేనే పరీక్షించి చూస్తాను."

"తప్పు. సరైన జవాబును శంకిస్తున్నావు."

ఋత్విక తలుపు దబదబా బాదింది. "అమ్మా, ఎటు చెప్పినా ఒప్పుకోవట్లేదే ఇది!"

"దాంతో వాదించకే తల్లీ," అంది నాగమల్లి గొంతు తగ్గించి. "ఏమీ ఆలోచించకుండా ఊరికే కూర్చో. మా ఆఫీసులో పెద్దవాళ్లకి పెట్టిన దిద్దుబాటు గదిలోంచి నేను రోజూ అలాగే బయటపడతా."

లోపల బాదడం ఆగింది. కాసేపటికి గొణుగుడు కూడా ఆగింది. ఆ తర్వాత చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

నాగమల్లి గబగబా పెనం పెట్టింది. అట్టు మీద ఒక్క అల్లం ముక్క కనబడితే ఇల్లు పీకి పందిరేసే పిల్ల కదా అని, అలవాటుగా అడిగింది.

"అల్లం వెయ్యనా, వద్దా?"

"నీ ఇష్టమమ్మా," అంది ఋత్విక.