ఫ్యాన్ తిరుగుతూనే ఉంది

"మళ్ళీ అంతే!" అంటూ పెద్దాయన వంగి, గోడ మీది స్విచ్ తీసేశాడు.

బల్ల మీద కొత్త కంప్యూటరు పక్కమూత లేకుండా, లోపలి తీగలన్నీ బయటపెట్టుకుని ఉంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, లోపలెక్కడో చిన్న దీపం వెలుగుతుంది. తెర మాత్రం నల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు వేశాడో, ఎన్నిసార్లు తీశాడో ఆయనకే తెలీదు.

తలుపు దగ్గర తమ్ముడి భార్య నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఇక వదిలేద్దాం లెండి, బావగారూ."

"వదిలేస్తే ఎలాగమ్మా? ఫొటో స్టూడియోవాడు ఆరింటికి షాపు కట్టేస్తాడు."

తమ్ముడు నిన్న పొద్దున్న పోయాడు. రేపు చుట్టాలందరూ వస్తారు. ముందు గదిలో పెట్టడానికి ఒక ఫొటో కావాలి. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా కెమెరా తమ్ముడి చేతిలోనే ఉండేది. దాంతో లోకంలో అందరి ఫొటోలూ ఉన్నాయి గానీ అతనివి లేవు. ఉన్నవల్లా గుర్తింపు కార్డుల మీదవి. వాటిలో ఏదో దొంగతనం చేసి పట్టుబడ్డవాడిలా ఉంటాడు. నవ్వుతున్న ఫొటో ఒకే ఒక్కటి, భార్య పట్టుబట్టి తెర మీద పెట్టించింది, పాత కంప్యూటరు డిస్కులో ఉంది. పాతది పాడైతే విడిభాగాలు కొని తెచ్చుకుని, తీరిగ్గా ఒక్కొక్కటీ తనే బిగించుకుని, ఆ డిస్కును కొత్తదాంట్లో పెట్టాడు. స్విచ్ వేసి చూసుకునేలోపే రోడ్డు మీద లారీ గుద్దింది. పోనీ డిస్కును ఊడదీసి పట్టుకెళ్దామంటే, ఆ తీగల మధ్య అదెక్కడుందో పెద్దాయనకు అంతుపట్టలేదు.

ఇంట్లో ఆయనకు 'తేల్చేసే బావగారు' అని పేరు. నాన్చడం ఆయన ఒంటికి పడదు. ఇల్లు కొన్నా, సంబంధం కుదిర్చినా అటో ఇటో అక్కడికక్కడే తేలిపోవాలి. హోటల్‌కి వెళితే కుర్చీలో కూర్చునేలోపే అందరికీ కలిపి తనే చెప్పేసేవాడు. తమ్ముడేమో మెనూ ఆ చివర నుంచి ఈ చివరదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చేవాడు. "తేల్చరా బాబూ, వంటవాడు ముసలివాడైపోతున్నాడు," అని పెద్దాయన విసుక్కుంటే, ముసిముసిగా నవ్వి ఇంకో పేజీ తిప్పేవాడు.

ఆసుపత్రిలోనూ పరుగులన్నీ పెద్దాయనవే. నిన్న డాక్టరు పిలిచినప్పుడు, "నాకు కాళ్ళాడటం లేదు, మీరే వెళ్ళి మాట్లాడండి బావగారూ," అంది మరదలు. ఆయన లోపలికి వెళ్ళి ఎక్కువసేపు ఉండలేదు. బయటికొచ్చి, "ఇక లాభం లేదమ్మా. ఊపిరి మెషీను తీసేస్తున్నారు," అన్నాడు. అప్పట్నుంచి ఆయనకు ఆకలి లేదు, నిద్ర లేదు. ఏడుపూ లేదు. పన్ను పీకేముందు దవడకు మత్తిచ్చినట్టు ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. ఆ ఫొటో ఒక్కటి మరదలి చేతిలో పెడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటున్నాడు.

"ఈ విడిభాగాలు అమ్మినతన్ని ఒకసారి అడిగి చూడకూడదూ?" అంది మరదలు.

పెద్దాయన ఫోన్ చేశాడు. షాపతను కబురు విని కాసేపు అయ్యో అయ్యో అన్నాడు. తర్వాత విషయంలోకి వచ్చాడు.

"ఫ్యాన్ తిరుగుతోందా అండీ?"

"తిరుగుతోంది. తిరిగి ఏం లాభం? ఉలుకూ పలుకూ లేదు."

"స్విచ్ వేశాక ఎంతసేపు ఆగారు?"

"ఆగేదేమిటి? రాలేదు, తీసేశాను."

"అదేనండీ పొరపాటు! మెమరీ కొత్తది కదా, మొదటిసారి తనను తాను సరిచూసుకుంటుంది. బయటికేమీ కనపడదు గానీ లోపల పని జరుగుతూనే ఉంటుంది. అయిపోయిందనుకుని మనమే తీసేస్తాం. తీసినప్పుడల్లా పాపం, మళ్ళీ మొదటికి."

పెద్దాయన ఆగిపోయిన ఫ్యాన్ వంకే చూస్తున్నాడు.

"లైన్లో ఉన్నారా సార్?"

"ఆగితే కచ్చితంగా వస్తుందా?"

"కచ్చితంగా అంటే ఎలా చెప్పను? చాలావరకు వస్తాయి. ఆగి చూద్దాం."

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టేసి, స్విచ్ వేసి, కుర్చీలో కూర్చున్నాడు.

ఫ్యాన్ తిరిగింది. దీపం వెలిగింది. తెర నల్లగానే ఉంది. కాసేపటికి ఆయన కుడిచెయ్యి తనంతట తనే గోడవైపు లేచింది. దాన్ని వెనక్కి లాక్కుని, తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు.

కిటికీలోంచి ఎండ బల్ల దాటి నేల మీదికి దిగింది. మరదలు నాలుగడుగులు ముందుకు వేసింది.

"తీసెయ్యనా బావగారూ?"

"వద్దు!" అని అరిచాడు. ఆమె ఉలిక్కిపడింది. "ముట్టుకోకమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "తిరగనీ. ఎంతసేపైతే అంతసేపు తిరగనీ."

తిరుగుతూనే ఉంది. తర్వాత, ఇక ఇద్దరూ తెరవైపు చూడటం మానేశాక, దాని మూలన ఒక తెల్లటి గీత మెరిసింది. అక్షరాలు వచ్చాయి, పోయాయి. ఉన్నట్టుండి తెరంతా వెలుగు నిండింది.

తెర నిండా తమ్ముడే. హోటల్ బల్ల దగ్గర, చేతిలో మెనూతో, అన్న విసుగు చూసి పగలబడి నవ్వుతున్నాడు.

మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తూనే, కొంచెం నవ్వింది కూడా.

"చూశారా బావగారూ, ఆగితే వచ్చింది!"

పెద్దాయన తెర వంక చూడలేదు. ఆయన చూపు గోడ మీది స్విచ్ దగ్గరే ఆగిపోయింది.

నిన్న డాక్టరు కూడా ఆగి చూద్దామనే అన్నాడు.