ఎర్రచుక్కల పెద్దాయన

ఉదయం నుంచి ధర పడుతూనే ఉంది.

మెట్ల కింద మిషను ముందు కూర్చున్న దర్జీకి సూదిలోకి దారం ఎక్కడం లేదు. పైఅంతస్తులో షేర్ల ఆఫీసు. పది నిమిషాలకోసారి పైకి పరుగెత్తి, గోడమీది తెరలో ఆ ఒక్క కంపెనీ అంకె చూసి, కాళ్ళీడ్చుకుంటూ దిగి వస్తున్నాడు.

గ్యాసు, నూనె, రసాయనాలు అన్నీ తయారుచేసే పెద్ద కంపెనీ అది. పక్క గది కూడా అద్దెకు తీసుకుని రెండో మిషను వేద్దామని ఆరేళ్ళుగా కూడబెట్టిందంతా అందులో పెట్టాడు. ఆ సంగతి ఇంట్లో భార్యకు తెలియదు. తెలిస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే అతనికి ధైర్యం చాలడం లేదు.

పెట్టింది కంపెనీని నమ్మి కాదు, ఎర్రచుక్కల పెద్దాయన్ని నమ్మి.

ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. రెండేళ్ళుగా ఆఫీసు తెరవగానే వచ్చి మూల కుర్చీలో కూర్చుంటాడు. ఒకదానికొకటి అంటించిన గ్రాఫు కాగితాల చుట్ట విప్పి, ఆ ఒక్క కంపెనీ ధరే పెన్సిలుతో గీస్తుంటాడు. పాతికేళ్ళ గీత. అక్కడక్కడా ఓ ఎర్రచుక్క, పక్కన చిన్న అంకె.

"చుక్క పెట్టిన రోజు కొంటున్నాడన్నమాట. పక్కనున్నది ఎన్ని కొన్నాడో ఆ లెక్క," అని ఆఫీసు గుమాస్తా ఎప్పుడో తేల్చేశాడు. "చూడు, చుక్క తర్వాత గీత ఎప్పుడూ పైకే."

నిజమే. ప్రతి చుక్క దగ్గరా గీత కాస్త కుంగి, నెల తిరిగేలోగా లేచి కూర్చుంది. ఆయన చుక్క పెడితే చాలు, ఆఫీసంతా ఎగబడి కొనేది. దర్జీ కొన్నదీ పోయినసారి చుక్కకే.

ఇవాళ ఎర్ర పెన్సిలు ఆయన ఒళ్ళో పడి ఉంది. ఆయన దాన్ని ముట్టుకోవడం లేదు. తెరకేసి చూస్తూ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"పెద్దాయనా, అమ్మెయ్యమంటారా, ఉంచమంటారా?" అన్నాడు దర్జీ.

"వార్తల్లో ఏమైనా చెప్పారా?"

"ఏమీ లేదండీ. ఊరికే పడుతోంది."

"ఊరికే పడదు. లోపలివాళ్ళు అమ్ముకుంటున్నారు. అక్కడ ముందు ధర పడుతుంది, వార్త తర్వాత వస్తుంది." పెద్దాయన దర్జీ చెయ్యి పట్టుకున్నాడు. "నీకు ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా ఉన్నారా?"

"మా తమ్ముడున్నాడు. ట్యాంకుల దగ్గర ఫిట్టరు."

"ఫోను చెయ్యి."

లోపలి కబురు లాగుదామని చూస్తున్నాడు ముసలాయన, అనుకున్నాడు దర్జీ. తనకు కావలసిందీ అదే కదా అని చేశాడు.

"ఒరేయ్, మీ షేరు ఎందుకు పడుతోందిరా? అమ్మెయ్యనా?"

"నాకేం తెలుసన్నయ్యా. ఇక్కడ పొద్దున్నుంచీ ఒకటే వాసన. తల తిరిగిపోతోంది. అడిగితే పని చూసుకోమంటున్నారు."

పెద్దాయన ఫోను లాక్కున్నాడు.

"బాబూ, పైపుల మీద మంచు పట్టిందా?"

"పట్టిందండీ, మూడో ట్యాంకు కింద. మీరెవరు?"

"అయితే గ్యాసు కారుతోంది. గాలి ఎటు వీస్తోంది?"

"గేటు వైపు."

"గేటుకి పోవద్దు. వెనక గోడ వైపు నడవండి. బండి స్టార్టు చెయ్యొద్దు, స్విచ్చులు ముట్టుకోవద్దు. షిఫ్టు మొత్తాన్నీ వెంటబెట్టుకుని వెళ్ళు. ఎవరో చెప్పాలని ఆగొద్దు. ఆగొద్దు నాయనా."

దర్జీకి ఒళ్ళు మండింది. "పని వదిలేసి గోడ దూకితే వాడి ఉద్యోగం పోదూ?"

"పోనీ," అన్నాడు పెద్దాయన.

ఆ తర్వాత గంట సేపు తమ్ముడి ఫోను కలవలేదు. తెర మీద ధర ఎంతకి దిగిందో ఆ గంటలో దర్జీ ఒక్కసారి కూడా చూడలేదు. గుమాస్తా టీవీ పెట్టాడు. ట్యాంకుల మీద నల్లటి పొగ. దర్జీ మెట్ల మీదికి వచ్చి మళ్ళీ మళ్ళీ తమ్ముడి నంబరే నొక్కాడు.

అప్పుడు ఎవరిదో నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అన్నయ్యా, అందరం బయటే ఉన్నాం."

దర్జీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని పైకి వెళ్ళేసరికి మూల కుర్చీ ఖాళీగా ఉంది.

నాలుగో రోజున తమ్ముడు వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ దండం పెట్టుకుందామని పెద్దాయన అద్దె గది ఎక్కడో వాకబు చేసుకుని వెళ్ళారు.

"నిన్ననే ఖాళీ చేశారు. ఎక్కడికో చెప్పలేదు," అంది ఇంటావిడ. "ఇది పారెయ్యమన్నారు. మనసొప్పక ఉంచాను."

గ్రాఫు కాగితాల చుట్ట. తెచ్చి, బట్టలు కత్తిరించే బల్ల మీద పరిచారు. చిట్టచివర కొత్త ఎర్రచుక్క. పక్కన సున్నా.

"చూశావా, ఈసారి ఒక్కటీ కొనలేదు," అన్నాడు దర్జీ.

తమ్ముడి వేలు దాని వెనకటి చుక్క మీద ఆగింది. అక్కడున్నది నాలుగు.

"అన్నయ్యా, ఇవి షేర్లు కావు. ఈ తారీఖున మా బాయిలరు పేలింది. నలుగురు పోయారు."

తను కొన్నది ఆ చుక్కకే. పేలుడు వార్త అప్పుడు విన్నాడు కానీ, చుక్కతో ముడిపెట్టి చూడలేదు.

చుట్టంతా విప్పుకుంటూ మొదటి కాగితం దాకా వెళ్ళాడు. అక్కడ అన్నిటికంటే పాత చుక్క, పక్కన ఇరవై మూడు. దాని కింద, చెరిగిపోయిన ప్రతిసారీ మళ్ళీ దిద్దినట్టున్న పెన్సిలు అక్షరాలు:

"సైరన్ మోగించే డ్యూటీ నాది, మోగిస్తే షేరు పడిపోతుంది పది నిమిషాలు ఆగమన్నారు మేనేజరుగారు, ఆగాను."