నా మొగుడి దర్శనాలు

"ఈ నెల ప్రభువు నాకేమీ చూపించలేదు. మన మధ్య పాపం ఉంది," అన్నాడు నా మొగుడు ఎలియాస్, కళ్ళు మూసుకుని.

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ తెలుగు ప్రార్థన కూటంలో ఆయన ప్రవక్త. ఏ వీధిలో పొగ లేచినా, ఏ రోడ్డు మీద కారు బోల్తాపడినా పేపరుకన్నా ముందే ఆయన దర్శనంలో కనిపించేది.

"సూజీ సిస్టర్, భర్తను వదిలేసి వచ్చారు కదా. ఒప్పుకోండి," అని వేలు చూపించాడు.

సూజీ ఏడ్చింది. సాక్ష్యం చెబుతానని నేను లేచాను.

"ప్రభువుకు స్తోత్రం. పాపమూ లేదు, పాడూ లేదు. ఫైరింజన్ వాళ్ళు బయటివాళ్ళకు వినపడకుండా వైర్‌లెస్ మార్చేశారు. మా ఇంటి కింద కెల్లర్లో ఈయన వాళ్ళ మాటలు దొంగచాటుగా వినే హామ్ రేడియోలో ఇప్పుడు హోరు తప్ప ఏమీ రావట్లేదు!"