తాత బల్ల

మా తాత యుద్ధానికి వెళ్లొచ్చిన మహావీరుడు. అక్కడ ఆయన చేపట్టిన ఆయుధం క్షౌరం కత్తి. "నాలుగేళ్లు గడ్డాలు గీశాన్రా, ఒక్కడు కిక్కురుమంటే ఒట్టు!" అని వచ్చినవాడికల్లా చెప్పుకుంటాడు. ఆ నున్నటి చెంపలు చూసే శత్రుసైన్యం పారిపోయి ఉంటుంది.

ఇన్నేళ్లయినా ఆయన దుకాణంలో కుర్చీ లేదు. ఉన్నదల్లా చెక్క బల్ల. వచ్చినవాణ్ణి దానిమీద వెల్లకిలా పడుకోబెట్టి గీస్తాడు. "గడ్డానికొచ్చానా, ఆపరేషన్‌కొచ్చానా?" అంటూ ఒక్కొక్కరే ఎదురు సెలూనుకు జారుకున్నారు. దుకాణం మూతపడటమే తరువాయి. డిగ్రీ చదివిన మేధావిని కదా, నేనే రంగంలోకి దిగాను. బల్లను పెరట్లో పారేసి, తిరిగే కుర్చీ తెచ్చిపెట్టాను.

మొదటి బేరం బస్సు కండక్టరు. దర్జాగా కూర్చున్నాడు. తాత కత్తి పట్టుకుని కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. మూడో గీతకే చెంప తెగింది.

"ఏం తాతా, యుద్ధంలోనూ ఇలాగే కోశావా?" అని కండక్టరు చెంపకు తువ్వాలు అదుముకుని, సగం గడ్డంతోనే ఎదురు సెలూనులోకి నడిచాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "కూర్చున్న మనిషికి గడ్డం గీయడం కూడా రాదా? నీకు పని నేర్పిన మహానుభావుడెవరు?" అని అరిచాను.

తాత కత్తి తుడుచుకున్నాడు.

"అక్కడ నా దగ్గరికి తెచ్చినవాళ్లెవరూ కూర్చోలేర్రా. పెట్టెల్లో పెట్టి ఇళ్లకు పంపేముందు మొహాలు బాగుచెయ్యమనేవాళ్లు. కన్నతల్లి గుర్తుపట్టాలి కదా."

పెరట్లోంచి బల్ల మోసుకొచ్చి, దానిమీద నేనే పడుకున్నాను. తాత గీసినంతసేపూ కిక్కురుమనలేదు.